గొర్రెల దొడ్డిలో ఆస్ట్రేలియా

గుండ్లకుంట సుంకమ్మ దేవుళ్లను అడిగింది తక్కువ, ఆఫీసులను అడిగింది ఎక్కువ. అడిగింది కూడా ఒక్కటే. జీవాలకు వాన తగలని చోటు. పైన కప్పు, చుట్టూ గోడ, కింద బురద కాని నేల. ఇంతకు మించి ఆమెకు గవర్నమెంటుతో పనిలేదు.

ముందటేడు తొలకరిలో గాలివాన కొట్టింది. ముళ్లకంప దొడ్డిలో తడిసిన గొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయిగాని, వాటి కాళ్లకింద అప్పుడే పుట్టిన పిల్లలు నిలబడలేకపోయినాయి. సుంకమ్మ వాటిని గంపకెత్తుకుని వంక గట్టున పూడ్చింది. చేతులు కడుక్కుని, చీర కూడా మార్చకుండా బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయింది. ఊరి గొర్రెల పెంపకందార్ల సంఘానికి ఆమే అధ్యక్షురాలు. మొగుడు బతికున్నప్పుడు ఆ పదవి ఆయనది. ఆయన పోయినాక మంద ఎవరు తోలుకుపోతారో పదవి కూడా వాళ్లే తోలుకుపోవాలని ఊరు తీర్మానించింది.

జిల్లా కేంద్రంలో గొర్రెల సర్వతోముఖ వికాస సంస్థ అని ఒకటుంది. గొర్రె ఒక్కటి తప్ప అక్కడ అన్నీ ఉన్నాయి. సుంకమ్మ ఆ వరండాలో కూర్చుంది. పొమ్మంటే పోయింది, మళ్లా వచ్చి కూర్చుంది. సద్ది మూట విప్పి అక్కడే తిన్నది. చివరికి, ఆమె మీద ఉండే ఉన్ని వాసనకే తట్టుకోలేకపోయినారో, నిజంగానే మనసు కరిగిందో, దొడ్డి మంజూరు చేసినారు.

దొడ్డి లేచింది. మామూలు దొడ్డి కాదు. రేకుల కప్పు, నడుమెత్తు గోడ, గోడ మీద ఇనుప జాలి, నీళ్లు నిలవకుండా వాలుగా పోసిన సిమెంటు నేల, కరెంటు. సుంకమ్మ మరిది హొన్నూరప్ప దాన్ని చూసి, "వదినా, నువ్వు ఊ అంటే నేను ఇంట్లో పండుకునేది మానేసి ఈడికే వచ్చేస్తా" అన్నాడు.

"నువ్వు ఈనేదుంటే రా అప్పా" అంది సుంకమ్మ.

మే నెల చివర్లో ప్రారంభోత్సవం పెట్టినారు. గొర్రెలకు పసుపు పూసి, పొట్టేలు కొమ్ములకు పూలు చుట్టి అందరూ వాకిట్లో నిలబడినారు. సంస్థ వ్యాను వచ్చింది. దాణా మూటలు దిగుతాయని చూస్తుంటే, ఇంటి తలుపంత టీవీ దిగింది. దాని వెనక ప్లాస్టిక్ కుర్చీలు దిగినాయి. ఆ వెనక, కల్లం మీద బోర్లిస్తే ఎడ్లు తిరగను చోటుండదు, అంత డిష్షు దిగింది. అన్నిటికన్నా చివర జాయింట్ డైరెక్టర్ డాక్టర్ సత్యకీర్తి గారు దిగినారు.

ఈ సత్యకీర్తి గారి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆయన అంతకుముందే గొర్రెల పెంపకం చూసి రావడానికి ఒక బృందంతో ఆస్ట్రేలియా పోయి వచ్చినారు. వీళ్లు పోయిన పల్లెపట్టులో ఏనాడూ లేని వాన పట్టుకుంది. వంకలు పొంగి రోడ్లు తెగిపోయినాయి. బృందం మొత్తం ఒక చిన్న ఊరి లాడ్జిలో చిక్కుకుని, వచ్చిన దినం నుంచి పోయే దినం దాకా గదుల్లో కూర్చుని టీవీ చూసింది. తిరిగొచ్చినాక నివేదిక రాయాలి గదా. సత్యకీర్తి గారు అబద్ధం రాసే మనిషి కాదు. చూసిందే రాసినారు. "ఆ దేశంలో గొర్రెలు కోట్ల సంఖ్యలో ఉన్నవి. ఆ దేశ ప్రజలు టెలివిజన్ విరివిగా చూచుచున్నారు. ఈ రెండింటికీ గల సంబంధాన్ని ఇంతవరకు ఎవరూ పరిశోధించకపోవడం శోచనీయం."

పైవాళ్లకు ఇది కొత్తగా తోచింది. ఆఫీసుల్లో అందరికీ తెలిసిన మాట చెప్పినవాణ్ణి కూర్చోమంటారు. ఎవరికీ అర్థంకాని మాట చెప్పినవాడికి పథకం ఇస్తారు. ఈయనకు పథకం ఇచ్చినారు. దాని పేరు 'దృశ్యమాధ్యమ మేషవికాసం'. కప్పు, కరెంటు, కూర్చునే నేల, మూడూ ఉన్న కట్టడం ఏ ఊర్లో ఉందని వెతికితే, జిల్లా మొత్తంలో గుండ్లకుంట గొర్రెల దొడ్డి ఒక్కటే కనపడింది.

"మరి జీవాలో సార్?" అని అడిగింది సుంకమ్మ.

"జీవాలే మన కేంద్రబిందువు తల్లీ" అన్నారు సత్యకీర్తి గారు. "ఈ పథకంలో ప్రతి అడుగూ గొర్రె శ్రేయస్సు కోసమే. గొర్రె కోసం గొర్రెకాపరి మారాలి. కాపరి మారడానికి దృశ్యం కావాలి. దృశ్యానికి వేదిక కావాలి. కనుక గొర్రె శ్రేయస్సు దృష్ట్యా గొర్రెలు తాత్కాలికంగా బయట ఉంటాయి."

"వానొస్తే?"

"రుతుపవనాల నాటికి సమీక్షిస్తాం."

పూలు చుట్టుకున్న పొట్టేలు ఆ మాటకు ఒక కుర్చీని కొమ్ముతో ఎత్తి పడేసింది. దాన్ని పట్టుకుని ముళ్లకంప దొడ్డికే తోలినారు.

*

మరుసటి వారం ఉత్తర్వు వచ్చింది. 'రాబోయే వారాల్లో ఆస్ట్రేలియా టెలివిజన్‌లో తప్పక వీక్షించవలసినవి' అని పైన రాసుంది. మండలం పశువుల ఆసుపత్రిలో సూదులు వేసే తులసీనాథ్‌ను దృశ్య సమన్వయాధికారిగా మార్చినారు. జీవాలకు సూదులు ఎవరు వేస్తారని అడిగితే, ఆ విషయం మలివిడతలో ఆలోచిస్తామన్నారు. తులసీనాథ్ మంచివాడే. ఉద్యోగం పోతుందనే భయం ఒకటే తప్ప ఆయనకు వేరే దురలవాటు లేదు.

ఆయన కుర్చీ ఎక్కి నిలబడి చదివినాడు. "సోమవారం, కుక్కలు గొర్రెలను మళ్లించే పోటీలు. మంగళవారం, వంటల పోటీ. బుధవారం, పాత ఇండ్లు కొని బాగుచేసి వేలం వేసే పోటీ. గురువారం, కోలగా ఉండే బంతితో ఆట. శుక్రవారం, నేరపరిశోధన ధారావాహిక. ఉన్ని కత్తిరించేవాడొకడు హతుడైన కథ. ప్రతి దినం వాతావరణ సూచన. ఇవన్నీ సాయంత్రం ఏడున్నరకు."

"సాయంత్రమైతే మంచిదే. మంద తోలుకొచ్చినాక చూడొచ్చు" అన్నాడు హొన్నూరప్ప.

"సాయంత్రం అంటే ఆ దేశం సాయంత్రం. మనకు మధ్యాన్నం మూడు."

"మూడుకు జీవాలు మేతలో ఉంటాయి గద సార్!"

తులసీనాథ్ ఫోన్ చేసి పైనుంచి వివరణ అడిగినాడు. వివరణ వచ్చింది. పథకం అమల్లో ఉన్న గ్రామంలో మధ్యాన్నం మూడు గంటలను సాయంత్రంగా పరిగణించాలి. సాయంత్రానికి మంద ఇల్లు చేరాలి. కాబట్టి రెండున్నరకు మందలు తిరిగి రావాలి.

అట్ల గుండ్లకుంటకు రోజూ మధ్యాన్నమే పొద్దు కుంకడం మొదలైంది. నడినెత్తిన సూర్యుడు కాలుస్తుంటే, సగం కడుపుతో గొర్రెలు దుమ్ము రేపుకుంటూ తిరిగొచ్చేవి. ముళ్లకంపలో నిలబడి, తమ కోసం కట్టిన రేకుల కప్పు వైపు చూస్తూ అరిచేవి. లోపల జాలికి నల్లగుడ్డలు కట్టి చీకటి చేసి, తులసీనాథ్ అందరికీ "శుభ సాయంత్రం" చెప్పేవాడు. చెమటలు తుడుచుకుంటూ జనం కూడా "శుభ సాయంత్రం" అనేవాళ్లు. అనకపోతే హాజరు పడదు.

తెర మీది ఇంగ్లీషును తులసీనాథ్ తనకు తెలిసినంత తెలుగులో చెప్పేవాడు. వాతావరణ సూచనలో ఒక దినం టై కట్టుకున్నామె, రేపు తెల్లవారుజామున లోయల్లో మంచు గడ్డకడుతుంది, జీవాలను కాపాడుకోండి అని చెప్పింది. తులసీనాథ్ అది రాసి పైకి పంపినాడు. పైనుంచి వెంటనే ఆదేశం దిగింది. శీతల విపత్తు దృష్ట్యా ప్రతి మంద చుట్టూ నెగళ్లు వేయాలి. ఆ దినం గుండ్లకుంటలో కాకులు కూడా ఎగరడం మానుకుని నీళ్ల తొట్టి గట్టున నోరు తెరుచుకుని కూర్చున్నాయి.

"సార్, ఇది ఎండాకాలం" అంది సుంకమ్మ.

"నాకు తెలీదా అక్కా? అయితే ఆదేశంలో ఎండాకాలం అని లేదు, శీతల విపత్తు అని ఉంది. నెగడు వేయలేదంటే నన్ను సస్పెండ్ చేస్తారు. నా బిడ్డ ఇప్పుడే కాలేజీలో చేరింది."

సుంకమ్మకు ఆయన్ను చూసి జాలేసింది. ఇంట్లోకి పోయి ఒక ఊదుబత్తి వెలిగించుకొచ్చి ముళ్లకంప మొదట్లో గుచ్చింది. "నిప్పే గద సార్. రాసుకో."

తులసీనాథ్ నెగడు వేయబడినది అని రాసుకుని, ఆమెకు దండం పెట్టి పోయినాడు.

*

జనానికి మాత్రం ఆస్ట్రేలియా పట్టుకుంది. సంస్థ అనుకున్నట్టు కాదు, జనం అనుకున్నట్టు పట్టుకుంది.

వంటల పోటీ చూసి ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. "అంత పెద్ద పళ్లెంలో అంత చిన్న ముక్క పెట్టిరి! పైన ఆకు పెట్టిరి! తిన్నోడు ఏడుస్తాండాడు, వండినోడూ ఏడుస్తాండాడు. ఎవరైనా సచ్చిపోయినారా ఏం సార్?" అని అడిగేది బోయ రంగమ్మ. ఇండ్ల పోటీ చూసి, ఇంత బాగా సున్నం కొట్టించుకుని ఎవడికో ఇచ్చేస్తారా అని ఊరు ఊరంతా బాధపడింది. కోలబంతి ఆటలో ఎవరు గెలిచినారో తులసీనాథ్‌కే తెలిసేది కాదు. అందుకని ఒక వారం ఎర్రచొక్కాలను, ఒక వారం నీలం చొక్కాలను గెలిపించేవాడు.

శుక్రవారం మాత్రం దొడ్డిలో ఊపిరి వినపడేది కాదు. ఎర్రమట్టి ఊరు. ఒక పెంకుటిల్లు, ఒక సారాయి కొట్టు, ఒక పోలీసామె. ఉన్ని కత్తిరించే రిక్ అనేవాణ్ణి ఎవరో చంపి ఉన్నిమూటలో కుట్టేసినారు. ఆ నేల, ఆ కంప, ఆ దుమ్ము చూసి అందరికీ అది పక్కూరే అనిపించింది. హొన్నూరప్ప అయితే ఆ పోలీసామె దారి తప్పిందని, నిద్రలో కూడా ఆమెకు దారి చెప్పేవాడు.

"చంపింది సారాయి కొట్టోడే" అనేవాడు.

"కాదు, ఆ పెద్దరైతు పెండ్లాము" అనేది రంగమ్మ. "ఆమె చూపు బాగలేదు. మొన్న పాలు కాంచుతా ఒక నవ్వు నవ్వింది సూడు, నాకు అప్పుడే తెలిసిపోయింది."

"పాలు కాంచుతా నవ్వితే హంతకురాలా? అట్లయితే మా ఇంట్లో దినామూ హత్యే."

రచ్చ మీద, బావి కాడ, చివరికి చావింట్లో కూడా రిక్ సంగతే. ఈ సందట్లో మబ్బులు పడమటి కొండ మీద కూడుతున్న సంగతి సుంకమ్మ ఒక్కతే చూసింది. మందలో ఏడెనిమిది సూడి గొర్రెలున్నాయి. పొట్టలు జారినాయి. నేడో రేపో అన్నట్టున్నాయి. దొడ్డిలో కుర్చీలేమో సుఖంగా ఉన్నాయి.

సమీక్షా బృందం వచ్చింది. సత్యకీర్తి గారు కూడా వచ్చి, కాపరులను వరసగా నిలబెట్టి ప్రశ్నలు వేసినారు.

"ఈ కార్యక్రమాల ద్వారా మీరు ఆర్జించిన మేషవిజ్ఞానం ఏమిటి?"

హొన్నూరప్ప ఆలోచించినాడు. "ఉన్నిమూట కుట్టిన దారం ఎర్రది సార్. ఆ దారం సారాయి కొట్టోడి ఇంట్లో దొరికింది. అయితే నాకు ఇప్పుడు అనుమానమే. ఎవరో కావాలని పెట్టిండొచ్చు."

"గొర్రెల గురించి అడుగుతున్నాను."

"గొర్రెలు చంపలేదు సార్. అది మాత్రం ఖాయం."

అందరూ అట్లనే చెప్పినారు. సత్యకీర్తి గారి ముఖం నల్లబడింది. పక్కనున్న అధికారులతో ఇంగ్లీషులో మాట్లాడుకుని, ఇట్లా ప్రకటించినారు. "ఫలితాలు ఆశాజనకంగా లేవు. దీనికి కారణం వీక్షణ కాలం చాలకపోవడమే. కనుక పథకాన్ని మరో మూడేండ్లు పొడిగించి, ఈ కట్టడాన్ని శాశ్వత వీక్షణ కేంద్రంగా ప్రకటించాలని సిఫార్సు చేస్తున్నాం."

సుంకమ్మకు వంక గట్టున గంప దించిన చోటు కండ్లముందు ఆడింది. ఏడ్చి లాభం లేదని ఆమెకు తెలుసు. ఆఫీసు వరండాలో ఏడ్చేవాళ్లను చాలామందిని చూసింది. గట్టిగా అరిచి లాభం లేదు. న్యాయం చెప్పి అసలే లాభం లేదు. వాళ్ల మాటలోనే వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి.

ఆ దినం సోమవారం. మూడు కావస్తోంది. కుక్కల పోటీల దినం.

"సార్, కాఫీ తాగి పోండి. ఇంగ ఐదు నిమిషాల్లో సాయంత్రమైతుంది" అంది.

*

సత్యకీర్తి గారు దొడ్డి వాకిట్లో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నారు. లోపల టీవీలో పచ్చటి బయలు, నల్లకుక్క, కంచె కాడ కర్ర పట్టుకున్న ముసలాయన. ఎదురుగా ముళ్లకంప దొడ్డి. సుంకమ్మ దాని తడిక తీసి, మందను బయటికి వదిలి, తాను గొర్రెల వెనకాల ముసుగేసుకుని కూర్చుంది.

టీవీలో ముసలాయన ఈల వేసినాడు. కుక్క ఎడమకు ఉరికింది. ఇక్కడ సుంకమ్మ ముసుగు లోపల నాలుకను అంగిటికి ఆనించి "ట్ట ట్ట ట్ట" అంది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడుకు అలవాటుపడిన మంద మొత్తం ఎడమకు తిరిగింది.

సత్యకీర్తి గారి చేతిలో కాఫీ ఆగిపోయింది.

టీవీలో రెండో ఈల. కుక్క కుడికి. ముసుగులో "హ్ర్ర్ర్" అని సన్నగా. మంద కుడికి. మూడో ఈలకు మంద ముందుకు నడిచి, దొడ్డి వాకిట్లోకి వచ్చి, సత్యకీర్తి గారి కుర్చీకి అటొకటి ఇటొకటి చీలి, సరిగ్గా టీవీ వైపు ముఖం పెట్టి నిలబడింది. నిలబడింది టీవీ కోసం కాదు. టీవీ కింద సుంకమ్మ కాఫీ తెచ్చే సందులోనే వేరుశనగ కట్టె మేత పరిచిపెట్టింది.

"చూశారా?" అన్నారు సత్యకీర్తి గారు.

"ఏం సార్?" అంది సుంకమ్మ ముసుగు తీసి, అప్పుడే నిద్రలేచినట్టు.

"అవి చూస్తున్నాయి. అర్థం చేసుకుంటున్నాయి. ఆస్ట్రేలియా ఈలకు స్పందిస్తున్నాయి!"

"ఇది కొత్తేం కాదు గద సార్. దినామూ బయట నుంచి ఆశగా చూస్తానే ఉంటాయి. మేము లోపల కూర్చుంటిమి, వాటికి చోటేది? మా బుర్రలకు ఎక్కదు సార్. మేము ముదిరిపోయినోళ్లం. మీరే చెప్తిరి గద, జీవాలే కేంద్రబిందువని. కేంద్రబిందువును ఎండలో పెట్టి, మాబోటి పక్కబిందువులను కుర్చీల్లో కూర్చోబెడితే ఫలితం యాడ వస్తుంది?"

సత్యకీర్తి గారు లేచి నిలబడినారు. మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నారు. "మధ్యవర్తులు. అదే లోపం. దృశ్యానికీ గొర్రెకూ నడుమ మనిషనే అనవసర మధ్యవర్తిని ప్రవేశపెట్టాం. విజ్ఞానం నేరుగా లబ్ధిదారుకే చేరాలి."

"నేరుగా చేరాల సార్" అంది సుంకమ్మ. "వాన తగలకుండా."

తులసీనాథ్ ఆమె వైపు చూసినాడు. పశువుల ఆసుపత్రిలో పని చేసినవాడు. గొర్రెను ఎట్ల పిలుస్తారో ఆయనకు తెలియదా? నోరు తెరవబోయి, బిడ్డ కాలేజీ గుర్తొచ్చి మూసుకున్నాడు.

*

వారం తిరక్కుండానే సవరణ ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట వీక్షకులు గొర్రెలే. మనుషులు అనర్హులు. ప్రేక్షక జీవాలకు సహాయకురాలిగా సుంకమ్మ, సమన్వయాధికారిగా తులసీనాథ్ మాత్రం లోపల ఉండవచ్చు. దొడ్డి తలుపు మీద 'లబ్ధిదారులకు మాత్రమే ప్రవేశం' అని బోర్డు వేసినారు. కుర్చీలు వ్యానెక్కి పోయినాయి. గొర్రెలు లోపలికి వచ్చినాయి. వీక్షణకు ఆటంకం కలగకుండా వాటిని మధ్యాన్నం దాకా కడుపునిండా మేపుకు రావాలని, తర్వాత మళ్లా తెల్లారేదాకా కేంద్రంలోనే విశ్రాంతినివ్వాలని కూడా ఉత్తర్వులో ఉంది. సుంకమ్మ ఆ ముక్కను తులసీనాథ్ చేత మళ్లా మళ్లా చదివించుకుని విన్నది.

ఇంగ ఏమి చూపించాలనే దాని మీద జిల్లా కేంద్రంలో ఒక కమిటీ రోజంతా కూర్చుంది. కొత్త 'రాబోయే వారాల్లో వీక్షించవలసినవి' తయారైంది. వంటల పోటీని రద్దు చేసినారు. అందులో తరచుగా గొర్రెమాంసం వండుతున్నందున ప్రేక్షకుల మనోభావాలు గాయపడే ప్రమాదం ఉంది. ఇండ్ల వేలం ఉంచినారు. గొర్రెలకు నివాస స్పృహ అవసరం. కోలబంతి ఆట పొట్టేళ్లకు మాత్రమే. శుక్రవారం ధారావాహిక మీద మాత్రం చాలాసేపు వాదన జరిగింది. హింస ఉందని ఒకరన్నారు. చనిపోయినవాడు ఉన్ని కత్తిరించేవాడు కాబట్టి ఈ హత్య గొర్రెలకు నేరుగా సంబంధించిన విషయమని, తెలుసుకునే హక్కు వాటికి ఉందని సత్యకీర్తి గారు తేల్చినారు. ఆయన కూడా మొదటి నుంచి అది చూస్తున్నారని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఊర్లో మగవాళ్లకు, ఆడవాళ్లకు నెత్తిన పిడుగు పడినట్టయింది. వచ్చే శుక్రవారమే ఆఖరి భాగం.

"వదినా, ఇది అన్యాయం. నెల దినాలు ఆ పోలీసామె వెనకాల తిరిగినా నేను. ఇప్పుడు హంతకుడెవరో గొర్రెకు తెలియాల, నాకు తెలియగూడదా?" అన్నాడు హొన్నూరప్ప.

"ఉత్తర్వు అట్ల ఉండాది అప్పా. నేనేం చేసేది?"

"గొర్రె చూస్తాండాదా? చెప్పు. నీ గొర్రె ఎన్నడన్నా టీవీ వైపు చూసిందా?"

"అది వాటిష్టం. హక్కు ఇచ్చినారు, చూసేది చూడనిది వాటి దయ."

శుక్రవారం మధ్యాన్నం, ఆస్ట్రేలియాలో పొద్దు గూకిన వేళకు, పడమటి కొండ మీది మబ్బు కదిలింది. ముందు గాలి వచ్చింది. ముళ్లకంప దొడ్డిని గాలి లేపి వంకలో పడేసింది. తర్వాత వాన. కుండపోతగా, మనుషులను గోడకు తోసేటట్టు. రేకుల కప్పు కింద గొర్రెలన్నీ పొడిగా, నింపాదిగా, టీవీకి వీపు పెట్టి నెమరు వేసుకుంటున్నాయి. మూలన చుక్కల గొర్రె ఒకటి నొప్పులతో లేస్తూ పండుకుంటూ ఉంది. సుంకమ్మ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

గాలికి నల్లగుడ్డలు ఊడిపోయిన జాలికి బయట ఊరు ఊరంతా వానలో తడుస్తూ నిలబడింది. చేతులతో కండ్లమీద నీళ్లు తుడుచుకుంటూ, జాలి సందుల్లోంచి తెర చూస్తున్నారు.

"ఆ పొట్టేలును పక్కకు జరుపు వదినా! అడ్డముండాది!"

"తులసీనాథ్ సారూ, సౌండు పెంచప్పా! రేకుల చప్పుడుకు ఏమీ వినపడ్లే!"

"అనర్హుల విజ్ఞప్తులు స్వీకరించబడవు" అన్నాడు తులసీనాథ్. అని, మెల్లగా సౌండు పెంచినాడు.

రంగమ్మ ముసలిదానికి వణుకు పట్టింది. పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. సుంకమ్మ అది చూసింది. "సార్, తలుపు తీయండి. ముసలోళ్లు సస్తారు."

"ఎట్ల అక్కా? ఈ దినం పెద్దసారు తనిఖీకి వస్తానన్నాడు. లోపల గొర్రెలు తప్ప ఏమీ ఉండగూడదు. ఉంటే నా ఉద్యోగం..."

సుంకమ్మ కాపరులు దూలానికి తగిలించిపోయిన నల్లకంబళ్లను గుంజి తలుపు సందులోంచి బయటికి విసిరింది. "కప్పుకోండి. వంగి, నాలుగు కాళ్ల మీద రాండి. తులసీనాథ్ సారు తలకాయలు లెక్కబెడతాడు, ముఖాలు చూడడు."

తులసీనాథ్ ముఖం అటు తిప్పుకున్నాడు. ముందు రంగమ్మ వచ్చింది. వెనకాల హొన్నూరప్ప. ఒకరి వెనక ఒకరు ఊరు మొత్తం కంబళ్లు కప్పుకుని పాకుతూ వచ్చి గొర్రెల నడుమ సర్దుకున్నారు. గొర్రెలు పెద్దమనసుతో జరిగినాయి.

తెర మీద పోలీసామె అందరినీ పెంకుటింట్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి వైపే చూస్తోంది. అప్పుడే తలుపు దబదబా కొట్టినారు. తులసీనాథ్ తలుపు ఓరగా తీసినాడు. సత్యకీర్తి గారు! జీపు వంకలో దిగబడిందట. నెత్తినుంచి కాలిదాకా నీళ్లు కారుతున్నాయి. అయినా చూపు మాత్రం తులసీనాథ్ భుజం మీదుగా తెర మీదికే పోతోంది.

"తీయవయ్యా! అయిపోతోంది!"

తులసీనాథ్ అటెన్షన్‌లో నిలబడి, బోర్డు వైపు వేలు చూపించినాడు. "సార్, తమరి సంతకమే సార్. లబ్ధిదారులకు మాత్రమే."

సత్యకీర్తి గారు బోర్డు చదివినారు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. వానలో ఒక క్షణం నిలబడినారు. లోపల, కంబళ్ల కింద నుంచి జోళ్లు, కాళ్ల కడియాలు, ఒక చేతి గడియారం కనపడుతున్నాయి. ఆయన వాటిని చూసినారు. సుంకమ్మ మిగిలిన ఒకే ఒక కంబళిని గడప మీద పెట్టింది.

సత్యకీర్తి గారు కండ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. కంబళి కప్పుకున్నారు. వంగినారు.

ఆయన పాకుతూ వచ్చి హొన్నూరప్ప పక్కన చేరుతుంటే, హొన్నూరప్ప తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "తల దించప్పా, వెనకోళ్లకు కనపడదు" అన్నాడు. ఆయన దించినారు.

మూలన చుక్కల గొర్రె ఒక్క మూలుగు మూలిగింది. సుంకమ్మ చేతుల్లోకి వెచ్చగా, జిగటగా పిల్ల జారింది. ఆమె దాని ముక్కులోని జిగురు వేలితో తీసి, నోట్లో ఊది, కొంగుతో వీపు రుద్దింది. అది తుమ్మింది. పొడినేల మీద నాలుగు కాళ్లూ వణికిస్తూ లేవబోయి పడింది. మళ్లా లేచి నిలబడింది.

"తులసీనాథ్ సార్" అంది సుంకమ్మ, కండ్లు తుడుచుకుంటూ. "ఒకటి పెరిగింది, రాసుకో."

"ష్!" అన్నాయి కంబళ్లన్నీ ఒకేసారి.

"రాసుకో సార్" అంది ఆమె గొంతు తగ్గించి. "ఇది నిజం గొర్రే."